తాళం వేసిన కుళాయి

కార్తీకం 3

ఈ పుస్తకం తెరవమని నన్నెవరూ అడగలేదు. ఆస్పత్రిలో రాయాల్సిందంతా పాలకుడే రాస్తాడు. పాలకుడంటే మనిషి కాదు. సముద్రం మీద స్తంభాలెత్తి కట్టిన ఈ మంచె మీద ప్రతి నీటిబొట్టూ ఎటు పోయిందో చూసే యంత్రం. దానికి బోలెడన్ని అంకెలున్నాయి, ముక్కు లేదు. నాకు అంకెలు మతికి రావడం తగ్గింది గానీ ముక్కు ఇంకా పనిచేస్తోంది. అందుకని రాస్తున్నాను.

పేరు వరూధిని. వయసు డెబ్భై ఆరు. మంచె కట్టినప్పటినుంచీ నర్సులకూ డాక్టర్లకూ సూక్ష్మజీవశాస్త్రం చెప్పాను. ఇప్పుడు ఎవరూ అడక్కపోయినా చెబుతున్నానని మా లహరి అంటుంది.

పొద్దున్నే డాక్టర్ నసీమా ఇంటికొచ్చింది. నా దగ్గర చదువుకున్న పిల్లే.

"మేడమ్, ఒకసారి థియేటర్‌కి వస్తారా?"

"ఏం, మీ పాలకుడు సెలవు పెట్టాడా?"

నవ్వలేదు. అప్పుడు నాకు భయం వేసింది, నసీమా నా జోకులకి మర్యాదకైనా నవ్వుతుంది.

ఆరు వారాల్లో నాలుగు ఆపరేషన్ల గాయాలు కుళ్ళాయి. ముగ్గురు ఇంకా మంచాల మీదే ఉన్నారు. నాలుగో మనిషి, వలలు అల్లే బంగారయ్య, హెర్నియా కోసం నడిచి లోపలికి వెళ్ళి, పదకొండో రోజున మోసుకుపోతే బయటికి వచ్చాడు. థియేటర్‌కి తాళం వేశారు.

ఇక మా ఇంటి సంగతి. లహరి నా కొడుకు కూతురు. సముద్రంలోకి దిగి మంచె కాళ్ళు బాగుచేస్తుంది. మొన్న కింద దూలం జారి ఎడమ తొడ ఎముక రెండు ముక్కలైంది. లోపల రాడ్ వెయ్యాలి.

"పదిహేనో తేదీ దాటకూడదు మేడమ్. దాటితే ఎముక వంకరగా అతుక్కుంటుంది. మళ్ళీ విరగ్గొట్టి నిలబెట్టే సామాను మన దగ్గర లేదు. కొండల మీది ఆస్పత్రికి పడవలో నాలుగు రోజులు. ఈ కాలితో అంత దూరం పంపలేను."

అంటే థియేటర్ మూసి ఉంచితే కాలు పోతుంది. తెరిస్తే మనిషే పోవచ్చు. పన్నెండు రోజులున్నాయి.

వార్డులో ఒకావిడ కట్టు విప్పించాను. నర్సు పిల్ల, "ఏదో తియ్యటి వాసనండీ, కొత్త సబ్బేమో" అంది. వంగి వాసన చూశాను.

ద్రాక్షపళ్ళు.

ఈ మంచె మీద ద్రాక్షపండు చూసినవాళ్ళం నాతో కలిపి నలుగురమో ఐదుగురమో ఉంటాం. సముద్రం ఒడ్డుని మింగి, మనం స్తంభాల మీదికెక్కి కూర్చున్నాక పుట్టిన పిల్లలకి అది సబ్బు వాసనే. కట్టు గుడ్డ మీద నీలమూ ఆకుపచ్చా కలిసిన మరక. సూడోమోనాస్. పేరు పెద్దది, పురుగు చిన్నది. తడి కనిపిస్తే చాలు, కాపురం పెట్టేస్తుంది.

నీళ్ళ సంగతేమిటని పాలకుణ్ణి అడిగాను. "థియేటర్ నీరు శుద్ధం. గౌరవనీయ వినియోగదారులు నిశ్చింతగా ఉండగలరు" అన్నాడు. బంగారయ్య కూడా గౌరవనీయ వినియోగదారుడే.

కార్తీకం 4

పాలకుడి కళ్ళు ట్యాంకులోనూ పెద్ద గొట్టంలోనూ ఉన్నాయి. కుళాయి మూతి దగ్గర లేవు. పైగా అవి నీళ్ళలో తేలేవాటినే లెక్కపెడతాయి, గొట్టం గోడని పట్టుకుని కూర్చున్నవాటిని కాదు. ఈ ముక్క నలభై ఏళ్ళుగా క్లాసులో చెబుతూనే ఉన్నాను. పిల్లలు రాసుకునేవారు, పరీక్షలో కూడా రాసేవారు.

నా పాత సామాను తీశాను. సముద్రపు నాచు ఉడకబెట్టి, చేపల పులుసులో పులుపూ కారమూ తీసేస్తే మిగిలేలాంటి చారు కలిపి, గాజు పళ్ళేలలో పోసి గడ్డకట్టించాను. నీళ్ళు దాని మీద వేసి వెచ్చటి పెట్టెలో రెండు రోజులుంచితే, ఉన్నవాళ్ళు బయటపడతారు.

డాక్టర్లు చేతులు తోముకునే గదిలోని కుళాయిల్లోంచి, ట్యాంకులోంచి, పెద్ద గొట్టంలోంచి నీళ్ళు పట్టాను.

"అన్ని కుళాయిలూ అయ్యాయా మేడమ్?" అంది నసీమా.

"అయ్యాయి. మూడూ."

ఆవిడ ఎదురుగోడ వైపు ఒకసారి చూసి, ఏదో అనబోయి ఊరుకుంది. నేను పట్టించుకోలేదు.

ఎదురుగోడ మీద ఉన్నది మా ఆయన కుళాయి. డాక్టర్ పురుషోత్తం. ఈ థియేటర్ కట్టించింది ఆయనే. ఎడమచేతి వాటం కావడం చేత అందరితో వరసలో నిలబడితే మోచేతులు తగులుతాయని తనకొక్కడికీ ఆ గోడకి రెండు మీటర్ల గొట్టం వేయించుకున్నాడు. ఇంట్లో అన్నానికి ముందు చెయ్యి కడుక్కోమంటే విసుక్కునే మనిషి, అక్కడ నిలబడి ఐదు నిమిషాలు గోళ్ళు తోముకునేవాడు. పోయి ఏడాది దాటింది. ఆయన తరవాత ఆ కుళాయి ఎవరూ ముట్టకూడదన్నాను. అద్దాల పెట్టె చేయించి, పైన పేరు చెక్కించి, తాళం వేయించాను. తాళంచెవి నా మెళ్ళో గొలుసుకుంది. నెలకోసారి ఆయన తిథినాడు వెళ్ళి దణ్ణం పెట్టుకుంటాను.

నేను పళ్ళేలు సర్దుకుంటుంటే థియేటర్ తుడిచే అప్పలకొండ దగ్గరికొచ్చింది.

"పంతులమ్మగోరూ, ఒక మాటండి. ఆ అద్దాల పెట్టి నోపల..."

"ఆ పెట్టె జోలికి వెళ్ళొద్దని ఎన్నిసార్లు చెప్పాను? నీ పని నేల. నేల చూసుకో."

"అలగేనండి" అని బాల్చీ పట్టుకుని వెళ్ళిపోయింది.

కార్తీకం 6

ట్యాంకు పళ్ళెం శుభ్రం. పెద్ద గొట్టం పళ్ళెం శుభ్రం. మూడు కుళాయిల పళ్ళేలూ పచ్చగా, ద్రాక్షతోటలా ఉన్నాయి.

నాలుగు గాయాలకీ దారి తెలిసింది. డాక్టర్లు ఈ నీళ్ళతోనే చేతులు తోముకుంటున్నారు, సామాను చివరి కడుగు కూడా ఈ నీళ్ళే. చేతి తొడుగుకి సూదిమొనంత చిల్లి పడితే చాలు.

కానీ పురుగు కుళాయిల్లో పుట్టలేదు. ఎక్కణ్ణించో వస్తోంది. పెద్ద గొట్టానికీ కుళాయిలకీ మధ్య ఉన్నది ఎనిమిది అడుగుల గొట్టం. ఎనిమిది అడుగుల్లో దొంగని పట్టుకోలేకపోతే నా చదువెందుకు?

కార్తీకం 7

పట్టుకున్నాననుకున్నాను.

ఈ మంచె మీద మనిషికి రోజుకి ఎనిమిది లీటర్లు. నీళ్ళు పారబోయడం మాకు మనిషిని కొట్టడం కంటే పెద్ద తప్పు. అప్పలకొండ పొద్దున కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నీళ్ళు పారబోయకుండా బాల్చీలో పడుతుంది. వాటితోనే నేల తుడుస్తుంది. అదే గుడ్డతో కుళాయి మూతులూ తుడుస్తుంది.

వార్డంతా వింటుండగా అడిగాను.

"ఆ గుడ్డ ఎన్నాళ్ళకోసారి మారుస్తావు?"

"చిరిగినప్పుడండి."

"నువ్వు తుడిచింది నేల కాదు, బంగారయ్య ప్రాణం."

అందరూ ఇటు తిరిగారు. మంచాల మీద ఉన్న ముగ్గురు కూడా తలలెత్తి చూశారు. అప్పలకొండ ముఖం ఒక్కసారిగా వాడిపోయింది.

"ఏటండీ అలగంతారు? నాను బంగారయ్యబాబుని సంపేసినానా?"

నేను జవాబు చెప్పలేదు. జవాబు చెప్పకపోవడం నాకు బాగా చేతనైన విద్య, క్లాసులో చాలామందిని దానితోనే ఏడిపించాను. మధ్యాహ్నానికల్లా ఆవిణ్ణి పనిలోంచి తప్పించారు. కుళాయి మూతులు మూడూ మార్పించాను, క్లోరిన్ పట్టించాను, గుడ్డలు కాల్పించాను. మళ్ళీ పళ్ళేలు వేశాను.

కార్తీకం 9

మళ్ళీ పచ్చగానే ఉన్నాయి.

అప్పలకొండ రెండు రోజులుగా థియేటర్ గడప తొక్కలేదు. కొత్త మూతులు, కొత్త గుడ్డలు. పురుగు మాత్రం పాతదే.

లహరి దగ్గర కూర్చున్నాను. కాలుకి బరువు కట్టి మంచం చివరికి వేలాడదీశారు.

"మామ్మా, ముందు నీ మొహానికి చేయించాలి ఆపరేషన్. ఏంటలా పెట్టావు?"

"నా మొహం పుట్టినప్పటినుంచీ ఇంతే."

"తాతయ్య ఎలా చేసుకున్నాడో మరి."

"ఆయనకి గాయాలు తప్ప మొహాలు కనపడవు."

నవ్వింది, నవ్వితే కాలు కదిలి కేక పెట్టింది. కాసేపాగి పైకప్పు వైపు చూస్తూ అడిగింది.

"మామ్మా, నిజం చెప్పు. ఆరు రోజుల్లో దొరక్కపోతే డాక్టరమ్మని అడిగి నేనే సంతకం పెట్టేస్తాను. తెరిచి చేసెయ్యమంటాను. కుంటుకుంటూ ఈ చెక్కల మీద కూర్చోలేను, నాకు కింద నీళ్ళలోనే బాగుంటుంది."

"బంగారయ్యా అలాగే సంతకం పెట్టాడు."

"తెలుసు. ఆయన శవాన్ని నీళ్ళలోకి దింపింది మా జట్టే కదా."

 

కార్తీకం 10

అప్పలకొండ మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే నిలబడింది.

"మీరు నన్ను నమ్మరు, నాకు తెల్సు. మీ పిల్ల కాలు కోసరం వచ్చినాను. మొన్న సెప్పబోతే తిట్టినారు. ఇప్పుడైనా ఇంతారా?"

"చెప్పు."

"ఆ అద్దాల పెట్టి నోపల సెమట పట్టినాది. ముందర తెల్లగుండేది. రెండు నెల్లనుంచీ పచ్చగయిపోనాది. తుడుద్దారంటే తాళం మీకాడుంది."

"నేను నెలనెలా వెళ్తున్నానుగా. నాకు కనపడలేదే."

"మీరెప్పుడు సూసినారండి? కళ్ళు మూసీసుకుని దణ్ణమెడతారు."

ఇద్దరం థియేటర్‌కి నడిచాం. ఆ కాస్త దూరంలో క్లాసులో నేను చెప్పిన పాఠం నాకే వినపడుతూ వచ్చింది. కదలని నీళ్ళున్న గొట్టాన్ని నమ్మొద్దు. వాడని కుళాయిని రోజూ వదలండి, లేదా మొదలంటా కోసెయ్యండి. మధ్యదారి లేదు. ఆ మాట చెప్పేటప్పుడు బల్ల మీద కొట్టేదాన్ని కూడా.

నసీమా వచ్చి నిలబడింది. గొలుసు తీసి, తాళంచెవిని చీరచెంగుతో తుడుస్తూ నిలబడ్డాను. అప్పలకొండ నా చేతిలోంచి తాళంచెవి తీసుకుని తనే తిప్పింది.

పెట్టె తెరవగానే గుప్పున కొట్టింది. తోట తోటంతా పండి కుళ్ళిపోతున్నంత వాసన.

కుళాయి మూతి చుట్టూ పచ్చటి జిగురు. వెనక రెండు మీటర్ల గొట్టంలో పద్నాలుగు నెలలుగా కదలని నీళ్ళు. ఇంతకాలం ఊరుకుని ఇప్పుడే ఎందుకంటే, భాద్రపదం నుంచి పాలకుడు కరెంటు ఆదా అని మధ్యాహ్నాలు పంపులు ఆపుతున్నాడు. ఆపినప్పుడల్లా ఆ చచ్చిన గొట్టంలోని నీళ్ళు వెనక్కి గుంజుకుపోయి, మిగతా మూడు కుళాయిల గొట్టంలో కలుస్తున్నాయి. మర్నాడు పొద్దున డాక్టర్లు వాటితో చేతులు తోముకుంటున్నారు.

"ఆ రోజు అడుగుదామనుకున్నాను మేడమ్" అంది నసీమా నేలచూపులతో. "సార్ కుళాయి కదా అని..."

"నోరు మూసుకోవడం నా దగ్గరే నేర్చుకున్నావు. నిన్ను అని ఏం లాభం!"

అప్పలకొండ వైపు తిరిగాను. "తప్పు నాది. నీ మీద వేశాను. క్షమించు."

ఆవిడ తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"అందరి ముందర అన్నారు. అందరి ముందర సెప్పండి. నాకొక్కదానికీ సెప్తే నాకేటి పనికొస్తాది?"

వార్డుకి వెళ్ళి చెప్పాను. మంచాల మీద ముగ్గురూ విన్నారు. ఒకాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.  తిట్టినా బాగుండేది.

కార్తీకం 11

గొట్టం కోసి, మిగిలినదాన్ని మరిగే నీళ్ళతోనూ తరవాత క్లోరిన్ నీళ్ళతోనూ కడగాలి. తొమ్మిది వందల లీటర్లు కావాలి. పాలకుణ్ణి అడిగాను.

"అత్యవసర విడుదలకు కారణం నమోదు చేయండి. బాధ్యుల పేరు నమోదు చేయండి."

పేరు లేకపోతే విడవడు. పేరున్నవాళ్ళకి రెండేళ్ళపాటు రోజుకి తాగడానికి రెండు లీటర్లు తప్ప చుక్క రాదు. ఈ నిబంధన రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. స్నానం నీళ్ళు ఆపితే గానీ మనుషులకి బుద్ధి రాదని, నిలబడి మరీ చెప్పింది నేనే.

నసీమా గొంతు తగ్గించింది. "పాత గొట్టంలో లోపం అని రాద్దాం మేడమ్. ఎవరికీ ఇబ్బంది ఉండదు. సామాను లోపమైతే మనిషి పేరు లేకపోయినా పాలకుడు ఒప్పుకుంటాడు."

"గొట్టానికి నోరుంటే నా మీద ఫిర్యాదు చేసేది."

"ఈ వయసులో రెండేళ్ళు..."

"రెండేళ్ళు బతుకుతానని నీకు నమ్మకం ఉంటే సంతోషం."

కారణం: వాడని కుళాయిని కోయకుండా తాళం వేసి ఉంచడం. బాధ్యులు: వరూధిని. పాలకుడు ఒక్క క్షణం ఆలోచించి, "ధన్యవాదాలు, గౌరవనీయ వినియోగదారు" అన్నాడు. నీళ్ళు వదిలాడు.

కొయ్యడానికి నేనే నిలబడ్డాను. రంపం పట్టలేను కాబట్టి పట్టినవాడి పక్కన నిలబడ్డాను. గొట్టం రెండుగా తెగినప్పుడు లోపల చుట్టూతా వేలెడు మందాన జిగట పాచి. మోచేత్తో తోసే ఆ ఇత్తడి మీట మాత్రం తళతళలాడుతూ ఉంది. పైపైన మెరుపు ఆయనకి ఎప్పుడూ నచ్చేది కాదు. పెట్టె మీద పేరు చెక్కిస్తే ఆయన ఏమనేవాడో నాకు తెలుసు, ఈ పుస్తకంలో రాయదగ్గ మాట కాదు.

కార్తీకం 13

మూడు పళ్ళేలు. మూడూ ఖాళీ. భూతద్దం పెట్టి చూశాను, కళ్ళద్దాలు మార్చి చూశాను. చూడ్డానికి అప్పలకొండనీ పిలిచాను. "ఏటీ నేదండి" అంది. అప్పుడు నమ్మాను.

కార్తీకం 14

ఉదయం తొమ్మిదికి లహరిని లోపలికి తీసుకెళ్ళారు. నసీమా చేతులు తోముకుంటుంటే మళ్ళీ పనిలోకి వచ్చిన అప్పలకొండ గుమ్మంలో నిలబడి చూసింది. మొదటి నీళ్ళు ఒక నిమిషం వదిలేశారు. తూములోకి పోతున్న నీళ్ళని చూడలేక అప్పలకొండ మొహం పక్కకి తిప్పుకుంది. అలవాటు మానడం ఆవిడకీ కష్టమే.

పన్నెండుకి బయటికి తెచ్చారు. రాడ్ పడింది.

ఇక లెక్క నా చేతిలో లేదు. గాయం మాట్లాడ్డానికి నాలుగైదు రోజులు పడుతుంది.

కార్తీకం 19

కట్టు విప్పారు. అందరూ నా వైపే చూశారు. వంగాను.

రక్తం వాసన. స్పిరిట్ వాసన. ఐదు రోజులుగా స్నానం లేని పిల్ల వాసన, దానికంటే ఘాటుగా ఎనిమిది రోజులుగా స్నానం లేని ముసలిదాని వాసన. ఇంకేమీ లేదు. మళ్ళీ వాసన చూశాను. ఏమీ లేదు.

"మామ్మా, అసలు ద్రాక్ష ఎలా ఉంటుంది?" అంది లహరి. "అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు."

చెప్పబోయాను. పెళ్ళయిన కొత్తలో, ఒడ్డు ఇంకా ఒడ్డుగానే ఉన్న రోజుల్లో, ఆయన కాగితం పొట్లంలో నల్లద్రాక్ష తెచ్చి, కడగకుండానే నోట్లో పెట్టబోతే చెయ్యి మీద కొట్టాను. ఆ వాసన యాభై ఏళ్ళుగా నాకు ఆయన వాసనే. ఇప్పుడు అదే వాసనకి బంగారయ్య గుర్తొస్తున్నాడు.

"పుల్లగా ఉంటుంది. పడుకో" అన్నాను.

కార్తీకం 20

చెయ్యాల్సిన పని ఒకటి మిగిలింది. పది రోజులుగా వాయిదా వేశాను. కాలు సంగతి తేలాలనుకున్నాను. అది సాకు.

బంగారయ్య భార్య నూకాలు మంచె పడమటి అంచున ఉంటుంది. మధ్యాహ్నం వెళ్ళాను. ఆయన సగంలో వదిలేసిన వల దండెం మీద అలాగే వేలాడుతోంది. ఆవిడకి ఇంకా ఎవరూ చెప్పలేదు. వార్డులో మాట ఇంతదాకా రాలేదో, వచ్చినా ఈ గుమ్మం దగ్గర ఆగిపోయిందో తెలియదు.

"రండమ్మా, పంతులమ్మగోరు! మా ఇంటికొచ్చినారా? కూకోండి."

కూర్చున్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి, కుండ వంచి, తన ఎనిమిది లీటర్లలోంచి గ్లాసెడు నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. ఇంటికొచ్చిన మనిషికి ముందు నీళ్ళివ్వడం మేం ఒడ్డునుంచి తెచ్చుకున్న కొద్ది అలవాట్లలో ఒకటి. తాగితే మాట మొదలుపెట్టవచ్చని అర్థం.

నాకు దాహంగా ఉంది. రోజుకి రెండు లీటర్లంటే మధ్యాహ్నానికి నాలుక పిడచకట్టుకుపోతుంది. గ్లాసు వైపు చూశాను. తాగాక చెబితే, ఆ నీళ్ళు నాకు తెలిసే దొంగిలించినట్టు.

ముట్టకుండానే చెప్పాను. కుళాయి, తాళం, గొట్టం, నా పేరు. ఎక్కడా మెత్తగా చేయలేదు. చెబుతున్నంతసేపూ ఆవిడ దండెం మీది వల వైపే చూస్తూ ఉంది.

చెప్పడం అయిపోయింది. కింద స్తంభాలకి నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు.

ఆవిడ గ్లాసు వెనక్కి తీసుకోలేదు. తాగమనీ అనలేదు.